ఆ ఒక్క వాక్యం డైరీలో వేయకండి

మా మనవరాలి స్కూలు డైరీ తెరవగానే మొదటి పేజీలో అచ్చేసి ఉంది: "ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడండి." కింద తల్లిదండ్రుల సంతకానికి చోటు. మా అబ్బాయీ కోడలూ సంతకాలు పెట్టేశారు. పిల్లకు అప్పటికి మూడేళ్ళు నిండి రెండు నెలలు.

నేను శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంగ్లీషు నాకు అన్నం పెట్టిన భాష. పరీక్ష గట్టెక్కితే చాలనుకునే పల్లెటూరి పిల్ల ఒకతి ఆ భాషలో సొంతంగా ఒక ఉత్తరం రాసి తెచ్చి చూపించిన రోజు నాకింకా గుర్తే. కాబట్టి ఇంగ్లీషంటే గిట్టని మనిషి రాసిన వ్యాసంగా దీన్ని చదవకండి. పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలని కోరుకునే మనిషిగానే చెబుతున్నాను, ఆ వాక్యం తప్పు.

సంతకం పెట్టిన మర్నాటి నుంచే ఇల్లు మారిపోయింది. మా కోడలు బీటెక్ చదివింది, ఆఫీసులో మీటింగులన్నీ ఇంగ్లీషులోనే నడుపుతుంది. అయినా పసిపిల్లకు అన్నం పెడుతూ మాట్లాడాల్సిన ఇంగ్లీషు వేరు. అది తనకు ఎవరూ మాట్లాడి వినిపించలేదు. ఒక ఆదివారం పొద్దున్న నోట్‌బుక్కు తీసుకుని, పిల్లతో అన్న ఇంగ్లీషు మాటలన్నీ రాస్తూ కూర్చున్నాను. కమ్, సిట్, ఈట్ ఫాస్ట్, డోంట్ టచ్, వాష్ హ్యాండ్స్, గివ్ మీ, గుడ్ గర్ల్. మధ్యాహ్నం దాకా రాస్తే వేర్వేరు మాటలు నలభై దాటలేదు. దాదాపు అన్నీ హుకుములే. "ఎందుకంటే" అన్న మాట ఒక్కసారి రాలేదు. "అప్పుడేమైందో తెలుసా" అన్నది అసలే లేదు.

రెండో వారానికి పిల్ల మాట తగ్గింది. కావలసినదాన్ని వేలు పెట్టి చూపిస్తోంది, అడిగినదానికి తలూపుతోంది. కొత్త స్కూలు కదా, సర్దుకుంటుందిలే అన్నారు అందరూ.

ఒక సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. "రా అమ్మా, ఈనెలు తీద్దాం" అన్నాను. వాళ్ళమ్మ ఉన్న గదివైపు ఒకసారి చూసి, వచ్చి పక్కన కూర్చుంది. కాయ కొస విరిచి, ఈనె తెగకుండా ఎలా లాగాలో చూపించాను. ఇది లేత. ఇది ముదురు, గింజ ఎంత గట్టిపడిందో చూడు. ఇదిగో, ఇది పుచ్చు, పురుగు తొలిచేసింది. ఓ పది కాయలయ్యేసరికి పిల్ల ఒకటి పైకెత్తి పట్టుకుని, "ఇది ముదురే కానీ పుచ్చు కాదు నానమ్మా" అంది.

రెండు వారాల తర్వాత విన్న నిండు వాక్యం అది. అందులో పని చేసిన బుద్ధి ఎంతటిదో చూడండి. కాయకున్న రెండు గుణాలను విడదీసింది, ఒకటి ఉందని, రెండోది లేదని తేల్చింది, ఈ రెంటినీ "కానీ"తో ముడేసింది. రేపు సైన్సు పాఠంలో అడిగేదీ ఇదే. ఆ పని తను తెలుగులో ఇప్పటికే చేయగలదు. ఇంగ్లీషులో తనకున్నవి కమ్, సిట్, ఈట్.

కాయలన్నీ అయ్యాక అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, "నా చెయ్యిలు చిక్కుడుకాయ వాసనొస్తున్నాయి" అంది.

మా ఇంట్లో "చెయ్యిలు" అనేవాళ్ళు ఎవరూ లేరు. అందరం చేతులనే అంటాం. పిల్ల పుట్టినప్పటి నుంచీ విన్నదీ అదే. మరి ఈ మాట ఎక్కడ దొరికింది? బొమ్మ, బొమ్మలు. గిన్నె, గిన్నెలు. చెవి, చెవులు. ఒకటి కంటే ఎక్కువైతే చివర "లు" చేరుతుందని తనే కనిపెట్టింది. ఆ సూత్రం ఎవరూ నేర్పలేదు. ఆ సూత్రంతో, తాను ఎన్నడూ వినని మాటను తయారుచేసింది. 1958లో జీన్ బెర్కో అనే అమెరికా పరిశోధకురాలు ఈ సంగతినే పరీక్ష పెట్టి చూసింది. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, దీని పేరు "వగ్" అని పిల్లలకు చెప్పింది. లోకంలో అలాంటి మాటే లేదు. రెండు బొమ్మలు చూపించి ఇవేమిటని అడిగితే, పిల్లలు తడుముకోకుండా "వగ్జ్" అన్నారు. విన్నది వల్లించడమే భాషైతే ఆ జవాబు రాదు. మా పిల్ల "చెయ్యిలు" కూడా వచ్చి ఉండేది కాదు.

ఈ పని మాటలు రాకముందే మొదలవుతుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళ పసివాళ్ళకు హిందీలోని "ట", "త" శబ్దాలు వినిపించారు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళకు ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఆరేడు నెలల పిల్లలు మాత్రం తేడా పట్టేశారు. అయితే ఏడాది నిండే సరికి ఆ పట్టు చాలావరకు జారిపోయింది. వాళ్ళ ఇంటి భాషకు ఆ తేడాతో పని లేదు, అందుకని మనసు దాన్ని వదిలేసింది. మనం చంటిదాన్ని ఎత్తుకుని "తాతకు టాటా చెప్పు" అంటాం. ఆ మాటలో ఎంత ఉందో చూడండి! త కీ ట కీ మధ్య సరిహద్దు రాయి మన పిల్లల బుర్రలో ఏడాదిలోపే అలా నాటుకుంటుంది.

ఆ రాళ్ళ మీద మూడేళ్ళకు గోడలు లేస్తాయి. "మేము పార్కుకెళ్ళాం, నువ్వు రాలేదుగా" అని నాతో అంటుంది. "రేపు మనం వెళ్దాం" అని మళ్ళీ నాతోనే అంటుంది. వినేవాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఇంత సూక్ష్మం పిల్లకు అలవోకగా వచ్చేసింది. సరిగ్గా గోడలు లేచే ఆ వయసులోనే ఇంటి భాష ఆపమంటోంది డైరీ.

ఆపి, దాని స్థానంలో చాలా ఇళ్ళల్లో పెడుతున్నది ఫోను. ఇంగ్లీషు రైమ్స్ వస్తాయి కదా, అవి వింటూ నేర్చుకుంటుందని. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం 2003లో చేసిన పని ఈ తల్లులందరికీ చెప్పాలని ఉంటుంది నాకు. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ వినిపించారు. కొందరితో మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ, పుస్తకం చదువుతూ 12 సార్లు మాట్లాడింది. ఇంకొందరికి అవే ఆటలు, అవే మాటలు టీవీలో పెట్టారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలకు మాండరిన్ శబ్దాల తేడాలు పట్టుబడ్డాయి. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ఏమీ అబ్బలేదు. పసి మనసు భాషను మనిషి దగ్గర నేర్చుకుంటుంది. మొహం చూస్తుంది, చూపు ఎటు పోతే అటు తనూ చూస్తుంది. అన్నం కలుపుతున్న చెయ్యి, తిప్పుతున్న కళ్ళు, గొంతులో ముద్దు, కోపం అన్నీ కలిస్తేనే అది భాష.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

1993లో పాతపట్నం వైపు ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. కొండ మీది గూడెం నుంచి ఒక సవర కుర్రాడు ఆరో తరగతిలో చేరాడు. చక్కని చేతిరాత. నోరు మాత్రం విప్పడు. సవర మన ద్రావిడ భాషల్లోది కాదు, ముండా కుటుంబానిది. ఆ పిల్లవాడికి తెలుగే రెండో భాష, నేను చెప్పే ఇంగ్లీషు మూడోది. సంత రోజున వాళ్ళ నాన్న బడికొస్తే, నేను ఆయనతో అన్నాను: "ఇంట్లో మీ భాష మానేసి తెలుగులో మాట్లాడండి, పిల్లాడు బాగుపడతాడు." ఆయన చేతులు జోడించి "సరేనమ్మా" అన్నాడు. కొన్ని నెలల తర్వాత ఆ కుర్రాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, ఇంట్లో నాన్న తెలుగు మాట్లాడుతున్నాడా అని అడిగాను. తలొంచుకుని చెప్పాడు: "మా నాన్నకు తెలుగు అంతగా రాదు కదా టీచర్. అందుకని నాతో మాట్లాడడం లేదు."

ఆ డైరీలో అచ్చయిన వాక్యం ముప్పై ఏళ్ళ క్రితం నా నోట్లోంచి వచ్చిన వాక్యమే. అందుకే దాని బరువు నాకు తెలుసు.

పాతపట్నం దాటితే పర్లాకిమిడి. అక్కడే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లల కోసం సవరలో పాఠాలు రాశారు, బడులు పెట్టారు, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. పిల్లవాడి ఇంటి భాషలోకి బడి వెళ్ళాలని ఆయన చేసి చూపించిన సంగతి ఆ సభల్లో వినిపించదు. ఆయన తిరిగిన నేల మీదే పాఠం చెబుతూ నేను దానికి సరిగ్గా ఎదురు పని చేశాను. తర్వాత 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, కువి లాంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వేసి ఆదివాసీ బడుల్లో చెప్పడం మొదలైంది. నా విద్యార్థికి అది అందలేదు.

మళ్ళీ నా క్లాసు గదికి వస్తాను. తొమ్మిదో తరగతిలో పరోక్ష కథనం చెప్పే రోజుల్లో ప్రతి ఏడూ ఒకే తప్పు దిద్దేదాన్ని. "రాము సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో." వచ్చేవాడు రామూ అయితే "ఐ" ఏమిట్రా, "హి" అని రాయాలి కదా అని ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. హైదరాబాదులో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణనిచ్చే సీఫెల్‌కు వెళ్ళినప్పుడు పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో రాసిన వ్యాసం గురించి విన్నాను. నేర్చుకునేవాడి తప్పులు వాడి మనసులో నడుస్తున్న పద్ధతిని చూపిస్తాయన్నది ఆయన మాట. ఆ రాత్రి హాస్టల్ గదిలో నా పిల్లల వాక్యం గుర్తొచ్చింది. తెలుగులో మనమేమంటాం? "రాము రేపు వస్తానన్నాడు." వస్తాడన్నాడు అనం. వస్తాను అని రామూ అన్న మాటను అలాగే ఉంచి, వెనక "అన్నాడు" తగిలిస్తాం. పిల్లలు తెలుగు తర్కాన్ని పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి దింపారు. వాళ్ళది బద్ధకం కాదు, తెలివి.

ఆ తర్వాత ఏడాది బోర్డు మీద రెండు వాక్యాలూ పక్కపక్కన రాశాను. "తెలుగులో ఎవరి మాట వాళ్ళ నోట్లోనే ఉంచుతాం, ఇంగ్లీషులో చెప్పేవాడు తన వైపు తిప్పుకుంటాడు" అన్నాను. ఎర్రసిరాతో ఏళ్ళ తరబడి పోని తప్పు చాలామందికి ఆ వారంలోనే పోయింది. రెండో భాష ఖాళీ బుర్రలోకి రాదు. మొదటి భాష వేసిన దారుల వెంటే వస్తుంది. ఆ దారులు తెలిసిన టీచరు ఎక్కడ మలుపు తిప్పాలో చూపించగలదు.

లెక్కల్లోనూ ఇంతే. కొట్టుకెళ్ళి పావుకిలో పంచదార, అరకిలో పప్పు తెచ్చే పిల్లకు పావు, అర, ముప్పావు చేతికి తెలిసిన బరువులు. ఇంగ్లీషులో భిన్నాలు వచ్చినప్పుడు తనకు కావలసింది పేర్లు మాత్రమే. పావు అంటే ఏమిటో ఏ భాషలోనూ తెలియని పిల్లకు పేరూ కావాలి, సంగతీ కావాలి. రెండు భాషలంటే ఒకే నూతికి రెండు గిలకలు. చేద ఏ గిలక మీద వేసినా పైకొచ్చేది ఆ నూతి నీళ్ళే. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇప్పుడు మన సర్కారు బడుల్లో ఇస్తున్నారు. మీడియం మీద వాదన ఎలా ఉన్నా, ఆ ఎదురెదురు పేజీలు మాత్రం మంచి పని.

"చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే నాలుక తిరగదు కదా అత్తయ్యా" అంది మా కోడలు. న్యాయమైన భయమే. ఉచ్చారణ విషయంలో అది చాలావరకు నిజం కూడా. వ్యాకరణం సంగతి వేరు. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ అనే ముగ్గురు పరిశోధకులు దాదాపు 6 లక్షల 70 వేల మందికి ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష పెట్టారు. కొత్త భాష వ్యాకరణాన్ని ఒంటబట్టించుకునే శక్తి 17 ఏళ్ళు దాటేదాకా తగ్గదని తేలింది. పుట్టు భాషలా రావాలంటే మాత్రం పదేళ్ళ ప్రాంతానికి మొదలుపెట్టాలన్నారు. పదేళ్ళంటే అయిదో తరగతి. మూడేళ్ళ పిల్ల నోరు నొక్కేంత తొందర ఇందులో ఎక్కడుంది? బార్సిలోనాలో ఎనిమిదేళ్ళకు ఇంగ్లీషు మొదలుపెట్టిన పిల్లలనూ పదకొండేళ్ళకు మొదలుపెట్టినవాళ్ళనూ, అన్నే గంటలు పాఠం చెప్పాక పోల్చి చూస్తే పెద్ద పిల్లలే ముందున్నారు. వారానికి కొన్ని గంటలు బడిలో నేర్చుకునే భాషకు, మొదటి భాషలో చదవడం రాయడం వచ్చిన బుర్ర పెద్ద ఆసరా.

కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే ఆయన వలస వచ్చినవాళ్ళ పిల్లలను చూసి మరో సంగతి చెప్పాడు. రెండో భాషలో కబుర్లు చెప్పడం రెండేళ్ళలో వచ్చేస్తుంది. ఆ భాషలో పాఠం అర్థం చేసుకుని ఆలోచించి రాయడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. చుట్టూ ఇంగ్లీషే ఉన్న దేశంలో సంగతి అది. మన దగ్గర యూకేజీ పిల్ల "మే ఐ గో టు వాష్‌రూమ్" అనగానే ఇంగ్లీషు వచ్చేసిందని మురిసిపోతున్నాం.

తెలుగూ ఇంగ్లీషూ కలిస్తే పిల్ల తికమకపడుతుందన్న మాట ఒకటుంది. మా మనవరాలు "అన్నం ఈట్ చేశాను" అంటుంది. ఇంగ్లీషు క్రియను తెచ్చి, "చేయు" తగిలించి, తెలుగు వ్యాకరణంలో సరైన చోట కూర్చోబెట్టింది. తికమకపడినవాళ్ళు ఇంత పద్ధతిగా మాట్లాడరు.

రెండు భాషలూ కావాలి. ముసలితనం దాకా కావాలి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండు భాషలు వచ్చినవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించింది. బడి మొహం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా ఉంది. కొన్నిచోట్ల ఇలాంటి ఫలితం రాలేదు, వాదన ఇంకా నడుస్తోంది. నాకు పట్టింది ఆ చదువుకోనివాళ్ళ సంగతి. తెలుగు, ఉర్దూ బజార్లో నేర్చుకున్నవాళ్ళు, ఏ డైరీలోనూ సంతకం పెట్టకుండా నేర్చుకున్నవాళ్ళు. ఒక భాష వదిలితేనే రెండోది వస్తుందని వాళ్ళకెవరూ చెప్పలేదు.

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అమ్మాయి ఉంది. కొడుకును ఇలాంటి స్కూల్లోనే వేసింది. నెలంతా బట్టలు ఇస్త్రీ చేసిన డబ్బు ఫీజుకే పోతుంది. మొన్న బట్టలు తేవడానికి వెళ్తే, పిల్లవాడు బండి కింద కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఎందుకిచ్చావని అడిగాను. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని రాశారండి స్కూలోళ్ళు. నాకు రాదు కదా. అందుకే ఇచ్చేస్తన్నాను. అదైతే ఇంగ్లీషు మాట్లాడతాది" అంది. గంటల తరబడి కబుర్లు చెప్పగల మనిషి ఆ అమ్మాయి. కస్టమర్లందరి ఇళ్ళ సంగతులూ కథల్లా చెబుతుంది. కన్నకొడుకు దగ్గర మూగదైపోయింది. నాకు ఆ సవర తండ్రి జోడించిన చేతులు కనిపించాయి.

మా ఇంట్లో పిల్ల అమ్మానాన్నలు మళ్ళీ తెలుగులోకి వచ్చారు. రోజూ సాయంత్రం మా కోడలు ఒక ఇంగ్లీషు కథల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బొమ్మలు చూపిస్తూ చదువుతుంది, దాని గురించి ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటారు. పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. "చెయ్యిలు" ఎప్పుడో పోయి "చేతులు" వచ్చాయి. మొన్న బూట్లు విప్పుతూ ఇంగ్లీషులో "మై ఫూట్స్ ఆర్ పెయినింగ్" అంది. ఫీట్ అని నేను దిద్దలేదు. మూడేళ్ళప్పుడు తెలుగులో సూత్రం కనిపెట్టిన బుద్ధే ఇప్పుడు ఇంగ్లీషులో పనికి దిగింది. చేతుల్లాగే ఫీటూ వస్తాయి.

స్కూళ్ళు నడిపేవారికి నాదొక్కటే విన్నపం. జూన్‌లో బడులు తెరిచేలోపు కొత్త డైరీలు అచ్చుకు వెళతాయి. ఇంగ్లీషు మీరు నేర్పండి, బాగా నేర్పండి, దానికోసమే మీకు ఫీజు కడుతున్నారు. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో ఆ ఇంటివాళ్ళకు వదిలేయండి. మొదటి పేజీలో ఆ వాక్యం వేయకండి. వేస్తే, తల్లులారా తండ్రులారా, దాని కింద సంతకం పెట్టకండి.